పెద్దవాగు పక్కన పట్నం

కరీంనగర్

మనుమరాలికి,

బిడ్డా, గ్రీసు పాఠం చదివి నువ్వు అడిగిన ప్రశ్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. కొండలు అడ్డమున్నందుకు గ్రీకులు చిన్న చిన్న నగర రాజ్యాలుగా బతికారు, సముద్రం పక్కనే ఉన్నందుకు ఓడలెక్కారు; మరి మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ఆ కాలపు మనుషులను ఏ కొండ ఆపింది, ఏ నీళ్లు నడిపించాయి అని కదా! పాఠం చివర ఇచ్చిన ప్రశ్నలకన్నా ఇదే బాగుంది. జవాబు కొంచెం పొడుగైతది, తీరికగా చదువుకో.

ముందు గ్రీకుల సంగతి. ఏథెన్సు ఉన్న ఆటికా మైదానానికి హైమెట్టస్, పెంటెలికన్, పార్నెస్ కొండలు చుట్టూ కాపలా. స్పార్టా వాళ్లది యూరోటాస్ నది లోయ; పడమట టేగెటస్ కొండలు. నేల పలుచన, రాళ్లు ఎక్కువ. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, ఎండాకాలం ఎండిపోతుంది. అందుకని బార్లీ, ద్రాక్ష, ఆలివ్ పండించుకున్నారు. ఏథెన్సుకు సరిపడా గోధుమలు సొంత నేల ఇవ్వలేదు; నల్ల సముద్రం ఒడ్డు నుంచి ఓడల్లో తెచ్చుకున్నారు. క్రీ.పూ. 594లో ఏథెన్సులో అధికారానికి వచ్చిన సోలోన్, పంటల్లో ఒక్క ఆలివ్ నూనె తప్ప మరేదీ బయట అమ్మకూడదన్నాడు. తిండికి కొరత ఉన్న ఊరు చేసుకునే చట్టం అట్లాగే ఉంటుంది.

ఇప్పుడు మన దిక్కు చూడు. త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదావరి 1465 కిలోమీటర్లు నడుస్తుంది. కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకొని, బాసర, ధర్మపురి, మంథని దాటి, కాళేశ్వరంలో ప్రాణహితను కలుస్తుంది. దానికి ఉత్తరాన ఆదిలాబాద్: సాత్మాల కొండలు, అడవి, నల్లరేగడి, ఆ పైన పెన్‌గంగ. దక్షిణాన కరీంనగర్: బోడగుట్టలు, చెల్క నేలలు, అడుగడుగునా ఒర్రెలు, వాగులు. నడిచే మనిషిని పూర్తిగా ఆపగలిగే పర్వతం ఇక్కడ లేదు. మనకున్న చిక్కు వేరే. ఏడాది వానంతా దాదాపు నాలుగు నెలల్లోనే పడిపోతుంది. ఆ నాలుగు నెలల నీళ్లతో పన్నెండు నెలలు గడవాలి.

గోదావరి ఉండగా నీళ్లకేం కరువు అంటావేమో. ఆ నది మన దగ్గర గ్రీకుల సముద్రం లాంటిది కాదు. వానాకాలం ఒడ్డు తెలియకుండా పొంగుతుంది. ఎండాకాలం ఇసుక తేలి, మధ్యమధ్య మడుగులు మిగులుతాయి. మన దిక్కు గోదారి పొడుగునా ఏడాదంతా పడవ నడిపి వ్యాపారం చేయడం కుదిరే పని కాదు. గ్రీకు వర్తకుడికి నీళ్లే దారి. మనవాళ్లకు నేలే దారి, అదీ వానలు వెనక్కి తగ్గాక.

ఆ నేల దారికి ఒక పాత సాక్ష్యం ఉంది. పదహారు మహాజనపదాల్లో దక్షిణాదిన ఉన్నది ఒక్క అస్మకమే. పాళీ పుస్తకాల్లో దాని పేరు అస్సక. సుత్తనిపాతంలో బావరి అనే పెద్దాయన కథ ఉంది. కోసల దేశం నుంచి వచ్చి, అస్సకుల సీమలో గోదావరి ఒడ్డున ఆశ్రమం వేసుకున్నాడు. ఏరుకున్న గింజలు, పండ్లు ఆయన తిండి. బుద్ధుడి సంగతి విని తన పదహారుగురు శిష్యులను పంపాడు. వాళ్లు పైఠాన్, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ మీదుగా శ్రావస్తికి, అక్కడి నుంచి రాజగృహం దాకా వెళ్లారు. మొత్తం కాలినడక. నిర్మల్ జిల్లాలో గోదావరి నడుమ ఉన్న బాదనకుర్తి లంకే బావరి చోటని మన చరిత్రకారులు చాలామంది అంటారు. లంక ఆయనదే అయినా కాకపోయినా, ఆ ఊళ్ల వరుస మాత్రం నిజమైన బాట. మ్యాప్ మీద వేలు పెట్టి నడిపించి చూడు.

ఇక అసలు ఊరికి వద్దాం. కోటిలింగాల ఇప్పుడు జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో ఉంది. పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే చోట, మట్టిగోడ కట్టుకొని నాలుగు మూలలా బురుజులు పెట్టుకున్న పట్నమది. విస్తీర్ణం సుమారు 110 ఎకరాలు. 1979లో పురావస్తు శాఖ అక్కడ తవ్వకం మొదలుపెట్టింది. పెద్ద పెద్ద కాల్చిన ఇటుకల గోడలు, బావులు, పూసలు, కుప్పలుగా నాణేలు బయటపడ్డాయి. గోభద, నారన, సమగోప అనే రాజుల పేర్లు ఆ నాణేల వల్లనే లోకానికి తెలిశాయి. శాతవాహనుల కన్నా ముందటివాళ్లు వాళ్లు. తర్వాత ఛిముక పేరున్న నాణేలు దొరికేసరికి, పురాణాలు చెప్పే తొలి శాతవాహనుడు సిముకుడు ఇతడేనని పండితులు సంబరపడ్డారు. కోటిలింగాలే శాతవాహనుల తొలి రాజధాని అని కొందరు, కాదని కొందరు. ఆ పోట్లాట వాళ్లకే వదిలేద్దాం.

మనకు కావలసింది వేరే: ఆ చోటే ఎందుకు? ఒక దిక్కు పెద్ద నది, ఇంకో దిక్కు వాగు. రెండు దిక్కులా నీళ్లే కాపలా. ఇటుకకు ఒండ్రు మట్టి ఒడ్డునే ఉంది, ఆవానికి కట్టె అడవి ఇస్తుంది. వాగు వెంబడి పైకి నడిస్తే లోపలి పల్లెల ధాన్యం అందుతుంది. గోదారి దాటితే ఆదిలాబాద్ అడవుల సరుకు. మట్టిగోడ శత్రువు కోసమా, వరద కోసమా అని తాతకు ఎప్పుడూ అనుమానం. రెండింటికీ పనికొచ్చే ఉంటుంది.

ఇటువంటి పాత ఊరి దిబ్బను మన దిక్కు పాటిగడ్డ అంటారు. వందల ఏళ్లు మనుషులు, పశువులు బతికిన మట్టి కాబట్టి మహా సారం. అందుకని రైతులు బండ్లకెత్తి పొలాల్లో చల్లుకున్నారు. చరిత్రకు నష్టమే, కానీ రైతును తిట్టడానికి మనసు రాదు.

నీళ్ల మాటకు పెద్దబంకూరే సాక్ష్యం. పెద్దపల్లి పక్కనే ఉంది ఆ ఊరు. శాతవాహన కాలపు ఇటుక ప్రహరీల నడుమ అక్కడ బావుల మీద బావులు బయటపడ్డాయి. కొన్ని ఇటుకతో కట్టినవి. కొన్ని కాల్చిన మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి దించినవి, ఇప్పుడు సిమెంటు ఒరలు దించుతారే, అట్లాగే. ఒరల గుంతల్లో కొన్ని తాగునీటికి, కొన్ని మురుగు ఇంకడానికి అయి ఉంటాయి. పక్కనే వాగులుండగా ఇన్ని బావులు ఎందుకు తవ్వుకున్నారు? ఫాల్గుణం దాటితే వాగు ఇసుక పాలవుతుంది గనుక. ఇసుక కింద, నేల కింద నీళ్లుంటాయని వాళ్లకు తెలుసు. అక్కడే ఒక కుండలో ఇరవై వేలకు పైగా నాణేలు దొరికాయని చెప్తే పిల్లలంతా నోరు తెరుస్తారు. తాతకు మాత్రం ఆ బావులే ఎక్కువ విలువైనవి.

ఇక్కడ గ్రీకులు మళ్లీ గుర్తొస్తారు. సోలోన్‌కు బావుల చట్టం కూడా ఒకటుంది, గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిపెట్టాడు. నాలుగు స్టేడియాలు, అంటే ముప్పావు కిలోమీటరు లోపు ఊరి బావి ఉంటే దాన్నే వాడుకోవాలి. అంతకన్నా దూరమైతే సొంతంగా తవ్వుకోవాలి. పది బారలు తవ్వినా నీళ్లు పడకపోతే, పొరుగింటి బావి నుంచి రోజుకు రెండుసార్లు, సుమారు 20 లీటర్లు పట్టే కడవ నింపుకోవచ్చు. కష్టపడినవాడికి సాయం చేయాలి, సోమరికి కాదని సోలోన్ లెక్క. పెద్దబంకూరు వాళ్ల చట్టం మనకు రాతలో దొరకలేదు. కానీ అన్ని బావులున్న ఊళ్లో కడవల కొట్లాటలు, పంచాయితీలు లేకుండా ఉంటాయా, నువ్వే చెప్పు.

నేల ఇచ్చిన రెండో సొత్తు ఇనుము. శాతవాహనుల కన్నా ముందటి రాక్షసగుళ్లనే పెద్ద రాళ్ల సమాధుల్లోనే ఇనుప పనిముట్లు పెట్టేవాళ్లు. పెద్దబంకూరులో కమ్మరి కొలిమి ఆనవాళ్లు దొరికాయి. నిర్మల్ దగ్గర దిమ్మదుర్తి నుంచి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాకా, ఈ పట్టీలో వాగుల నల్ల ఇసుకలోనూ రాయిలోనూ ఇనుప ఖనిజం ఉంది, బొగ్గు కాల్చడానికి అడవి ఉంది. ఇనుమును మట్టి మూసల్లో మూసి కరిగించి ఉక్కు తీసేవాళ్లు. ఇంగ్లీషు వైద్యుడు, భూగర్భ పరిశీలకుడు వోయ్‌సీ కోనసముద్రం కొలుములను చూసి రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. పర్షియాలోని ఇస్ఫహాన్ వర్తకుడు ఒకడు ఉక్కు కోసం అక్కడ మకాం వేసి ఉన్నాడట. ఏథెన్సుకు లారియన్ గనుల్లో వెండి దొరికితే యుద్ధనౌకలు కట్టి, క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియా వాళ్లను ఓడించింది. మన ఇనుము నాగలి కర్రు అయింది, గొడ్డలి అయింది, ఆఖరికి పర్షియాకే కత్తుల ఉక్కు అయింది. ఈ దిక్కు పాత ఊళ్ల పక్క పొలాల్లో నల్లగా, బరువుగా, బుడగలు బుడగలుగా ఉండే, ఇనుము తీయగా మిగిలిన చిట్టెం కాలికి తగిలితే పారేయకు.

ధూళికట్ట మాట చెప్పకుంటే తప్పు. హుస్సేన్‌మియా వాగు ఒడ్డున మట్టికోట, దానికి కొంచెం ఎడంగా బౌద్ధ స్తూపం. గ్రీకు రాయబారి మెగస్తనీస్ రాసిన వివరాల ఆధారంగా ఆంధ్రులకు గోడలూ బురుజులూ ఉన్న ముప్పై పట్నాలున్నాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. వాటిలో ధూళికట్ట ఒకటని మనవాళ్లు అంటారు. స్తూపం సున్నపురాయి పలకల మీద ముచిలింద నాగు పడగ విప్పి ఉంటుంది. వారం రోజులు ముసురు పట్టినప్పుడు ఆ నాగు బుద్ధుడికి గొడుగైందని కథ. వాన దేశంలోనే పుట్టగల కథ ఇది. బౌద్ధ భిక్షువులు వానాకాలం నడక మాని ఒకే చోట ఉండాలనే నియమమూ అంతే. బురద దారి చేసిన నియమం. వానలు వెనుకబట్టాక బండ్లు కదులుతాయి, బేహారులు వస్తారు, విహారానికి దానాలు అందుతాయి. కరీంనగర్ పక్క నుస్తులాపూర్‌లో రోమన్ వెండి నాణేలు దొరికాయంటే ఆ సరుకు దారి ఎంత దూరం పోయిందో చూడు.

అయితే భూగోళం మీదనే అంతా నెట్టేయడం తాతకు నచ్చదు. అదే గోదారికి ఉత్తర దిక్కున, అంతకన్నా ఎక్కువ వాన కింద, గోండులు వేరే తీరుగా బతుకు నడిపారు. 1940లలో వాళ్ల మధ్య ఉండి రాసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఒక సంగతి గమనించాడు: కొండ మీది తేలిక ఎర్రనేలలో వానాకాలం చిరుధాన్యాలు, లోయలోని నల్లనేలలో యాసంగి జొన్న. తేలిక నేల కొన్నేళ్లకు అలసిపోతే దాన్ని వదిలి కొత్త నేల దున్నేవాళ్లు. నది కూడా వాళ్లకు మరో లెక్క. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర కోసం మెస్రం వంశంవాళ్లు జన్నారం దిక్కు హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదారి నీళ్లు తెచ్చి దేవుడికి అభిషేకిస్తారు. ఒకే నది, దక్షిణపు ఒడ్డున పట్నానికి కందకం, ఉత్తరాన దేవుడి నీళ్లు. నది మారలేదు, దాన్ని ఏం చేసుకోవాలో మనుషులు నిర్ణయించుకున్నారు.

దసరా సెలవులకు రాగానే కరీంనగర్ పురావస్తు మ్యూజియానికి పోదాం. కోటిలింగాల దగ్గర మాత్రం ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీళ్లు నిలుస్తున్నాయి, ఏ నెలలో పోతే ఏం కనబడుతుందో ముందే కనుక్కోవాలి. ఈలోగా ఒక పని చెయ్యి. తెల్ల కాగితం మీద గోదావరి గీసి, ఈ ఉత్తరంలో వచ్చిన ఊళ్లన్నీ పెట్టు. ఒక్కో ఊరి పక్కన అక్కడి వాగు పేరు రాయి. మ్యాపులో లేని ఒర్రెల పేర్లు మీ అమ్మమ్మను అడుగు. ఆమె ఆ ఊళ్ల నడుమ పుట్టి పెరిగింది.

ఇట్లు,
మీ తాత