తల్లి పళ్లెము

చదువవలసిన భాగము: రూతు 2:14–18



మన సంఘములలో ఒక మంచి అలవాటు కలదు. ఇల్లాలు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక డబ్బాలో వేయును; ఆదివారమున దానిని గుడికి తెచ్చును. కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక సహోదరి తెచ్చిన సంచిని చేతపట్టుకొని, ఇంత బీదరాలై యుండియు ఒక్క వారమైనను తప్పలేదని ప్రసంగములో పొగడితిని. తరువాత ఒక రాత్రి ప్రార్థనకై ఆ యింటికి వెళ్లితిని. ఆమె మగనికిని, అత్తకును, ఇద్దరు బిడ్డలకును వడ్డించి, తాను మాత్రము గంజిలో ఉప్పు వేసికొని త్రాగుచుండెను. ఆకలి కాలేదా అమ్మా అని అడుగగా, "అలవాటైపోయిందయ్యగారూ" అనెను. ఆ పిడికెడు ఎవరి పళ్లెములోనుండి వచ్చుచున్నదో నాకప్పుడు తెలిసినది. పొగడినందుకు నేటికిని సిగ్గుపడుచున్నాను.

కావున ఈ నెల పాఠము, చాలీచాలని డబ్బుతో ఇంటిల్లిపాదికి అన్నము పెట్టుటను గూర్చి. రూతును చూడుడి. విధవరాలు, పరదేశి, ఇంట వృద్ధురాలైన అత్త. కోత చేలలో పరిగె ఏరుకొనుట తప్ప వేరు ఆధారము లేదు. భోజనవేళ బోయజు పేలాలు ఇచ్చినప్పుడు ఆమె తృప్తిగా తిని, మిగిలినవి దాచెను. సాయంకాలము దుళ్లగొట్టగా తూమెడు యవలు వచ్చెను. అది హెబ్రీయుల ఏఫా. ఇప్పటి కొలతలో ఇంచుమించు 22 లీటర్లు. ఆ బరువును మోసికొని ఊరిలోనికి పోయి, దాచిన ఆహారముకూడ నయోమికిచ్చెను. మేము పాస్టర్లము అత్తమీద ఆమెకున్న ప్రేమను గూర్చి చెప్పుదుము, అది సరియే. అయితే వరుసను గమనించుడి. తాను తినిన తరువాతనే అత్తకు దాచెను. కడుపు మాడ్చుకొని యెండలో ఏరినయెడల అన్ని గింజలు ఇల్లు చేరియుండునా?

ఇప్పుడు మన యిండ్లకు వత్తము. డబ్బు తగ్గినప్పుడు ముందుగా తగ్గునది బియ్యము కాదు. 1983లో కిలో 2 రూపాయల బియ్యము వచ్చినది మొదలు బియ్యము మన బీద యిండ్లకు కొంత ఆధారమైనది. 2013 నాటి ఆహార భద్రత చట్టము ప్రకారము మనిషికి నెలకు 5 కిలోలు. 2023 జనవరి నుండి ఆ బియ్యమునకు వెల లేదు. అయిదుగురున్న ఇంటికి 25 కిలోలు. కాయకష్టము చేయువారికి అది నెలంతయు రాదు గనుక మిగిలినది కొందురు, లేదా అరువు తెత్తురు. అప్పుడు పప్పు తగ్గును. గట్టి పప్పు పలుచనై, చారై, కడకు పచ్చడి మెతుకులు మిగులును.

ఇది నష్టపు బేరము. నూరు గ్రాముల బియ్యములో మాంసకృత్తులు 7, 8 గ్రాములు మాత్రమే. కందిపప్పులోను, పెసలలోను, ఉలవలలోను 20 గ్రాములకు పైగా కలవు. పైగా బియ్యములో కొరతగా ఉన్న దానిని పప్పు తీర్చును, పప్పులోని కొరతను బియ్యము తీర్చును. రెండును ఒక ముద్దలో కలిసినప్పుడు కండ పట్టును. కంది ప్రియమైనచో ఉలవలు కొనుడి. పశువుల దాణా యని చిన్నచూపు వద్దు. రాత్రి నానవేసినయెడల పొయ్యి ఖర్చు తగ్గును. ఉడికిన నీరు చారునకు, గింజలు గుగ్గిళ్లకు.

డబ్బు ఎక్కడిదని అడుగుదురు. ఇద్దరు పిల్లలకు దినమొకటి అయిదేసి రూపాయల మెరుపు కాగితపు చిరుతిండి పొట్లములు కొనినచో నెలకు 300 రూపాయలు. అందులో ఉప్పు, నూనె తప్ప చెప్పదగినది లేదు. ఆ సొమ్మును సంతలో పెసలకును ఉలవలకును మార్చుడి. త్రాగుడు సంగతి వేరుగా వ్రాయవలసినది. ఇక్కడ ఒక్క మాట చాలును. సీసా కొన్న మగనికి కూరలో పప్పు లేదని భార్యను గద్దించుటకు నోరు రాకూడదు.

రక్తము సంగతి మరువకుడి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను పదునైదు మొదలు నలువది తొమ్మిదేండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కనబడెను. మునగాకు, తోటకూర పెరటిలో పెరుగును. ఆకుకూరతో నిమ్మరసమో, ఉసిరికాయో, జామపండో తినినచో అందులోని ఇనుము ఒంటబట్టును. తిన్నవెంటనే టీ త్రాగినచో దానికి అడ్డు వచ్చును. రేషను బియ్యములో ఇనుము చేర్చిన గింజలను కలిపి ఇచ్చినప్పుడు, ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారవేసిన యిండ్లను నేను చూచితిని. అవి ప్లాస్టిక్ కావు. రక్తము కొరకు కలిపినవే.

అంగన్‌వాడీలో గర్భిణికిని బాలింతకును ఆహారమిచ్చు ఏర్పాటు కలదు. ఆ గ్రుడ్డును ఇంటికి తెచ్చి మగపిల్లవానికి పెట్టుట మన యూరిలో ఉన్నది. అది తల్లి పేర వచ్చిన గ్రుడ్డు, తల్లియే తినవలెను.

వడ్డించుటకు ముందు ఇంటిలో ఎందరున్నారో అన్ని పళ్లెములు పరచుడి. తల్లి పళ్లెము కూడ వాటితోనే ఉండవలెను. ఉన్నదానిని అన్నింటిలో పెట్టినచో, తక్కువైనప్పుడు అందరికి కొంచెము తగ్గును. చివర తినువారికే అంతయు తగ్గదు.

మా సంఘపెద్దలును నేనును కూర్చుండి, ఇంటి తల్లి పస్తుండి తీసిన పిడికెడు గుడికి తేవద్దని తీర్మానించి చదివితిమి. డబ్బాల బరువు తగ్గినది. అందులో కొంత పాస్టరు ఇంటికి వచ్చును గనుక మా యింటి బియ్యమును తగ్గినది. మా ఇంట ఉలవచారు ఎక్కువైనదని నా భార్య అందరికిని చెప్పుచున్నది.

ఆ సహోదరి మాత్రము ఇప్పటికిని తెచ్చుచున్నది. సంచి అందుకొనుటకు ముందు, తిని వచ్చితివా అమ్మా అని నేను అడుగుదును. పోయిన నెల ఆమె నోరు తెరువకముందే ప్రక్కనున్న అత్త జవాబిచ్చెను: "నేనే పెట్టి తీసుకొచ్చానయ్యగారూ."