బండ్ల కొఱత, ధాన్యపు ధర: కెనడా గోధుమరైతుల అనుభవము

పంట పండించుట వ్యవసాయములో సగము పని. పండినదానిని కొనువాని యొద్దకు చేర్చుట రెండవ సగము. ఈ రెండవ సగము రైతు చేతిలో లేనిచో మొదటి సగమున ఆతడు పడిన శ్రమఫలము ఇతరుల పాలగును. ఈ సంగతిని మిక్కిలి స్పష్టముగా చూపునది కెనడా దేశపు గోధుమరైతుల చరిత్ర. బండ్ల కొఱతతో వారు నూఱేండ్లకు పైగా పోరాడుచున్నారు. కొన్నిమారులు గెలిచిరి, కొన్నిమారులు గెలిచినదానిని పోగొట్టుకొనిరి. రెండును మనకు పాఠములే.

1. దేశస్థితి

కెనడాలో ధాన్యమునకు పెట్టినపేరు మానిటోబా, సస్కాచివాన్, ఆల్బర్టా అను మూడు రాష్ట్రముల మైదానములు. అచ్చట గోధుమ, బార్లీ, ఆవజాతికి చెందిన కనోలా, బఠాణీ, చిఱుసెనగ విస్తారముగా పండును. దేశములో జనసంఖ్య తక్కువ గనుక పంటలో పెద్దభాగము విదేశములకు పోవలసినదే. పడమట వాంకూవరు రేవునకు వేయి కిలోమీటరులకు మించిన దూరము, నడుమ మహాపర్వతములు. తూర్పున సరోవరతీరమందలి థండర్ బే రేవునకు పోవలెనన్నను మొదట రైలు ఎక్కవలసినదే. మన గోదావరి కాలువలపై పడవలలో ధాన్యము సాగిన కాలము కలదు. ఆ మైదానముల రైతునకు అట్టి రెండవ దారి లేదు. ఆ దేశమున పెద్ద రైలు కంపెనీలు రెండే. అనేక గ్రామములకు వానిలో ఒక్కటియే అందుబాటులో నుండును.

అచ్చటి ధాన్యపు బండి ఒక్కదానిలో సుమారు 90 టన్నులు పట్టును. మన 75 కిలోల బస్తాల లెక్కన అది 1200 బస్తాలు. అరువది వేల టన్నుల ఓడను నింపుటకు అట్టి బండ్లు దాదాపు 670 కావలెను. ఒక వారము రైళ్లు నడువకున్నచో రేవులో ఎన్ని ఓడలు ఊరక నిలుచునో దీనిని బట్టి ఊహింపవచ్చును.

2. బండి లేనప్పుడు ధర ఏల పడును?

రేవులో టన్ను ధర 300 డాలర్లనుకొందము. కిరాయి, కొట్టు ఖర్చు, వర్తకుని లాభము కలిసి 60 డాలర్లు పోగా రైతునకు 240 దక్కును. ఇవి విషయము బోధపడుటకు వ్రాసిన అంకెలు మాత్రమే. ఇప్పుడు బండ్లు రాలేదు. ఊరిలోని వర్తకుని కొట్టు నిండిపోయినది. రేవులోని ధర మారలేదు, రైలు కిరాయి మారలేదు. అయినను వర్తకుడు, “నాకు స్థలము లేదు, ఇచ్చినచో 150కి ఇమ్ము, లేనిచో ఇంటికి తోలుకొని పొమ్ము” అనును. అప్పు వాయిదా దగ్గఱపడిన రైతు ఇచ్చివేయును. పంట బాగుగా పండిన యేటనే ఈ విపత్తు ఎక్కువ.

ఆ 90 డాలర్లు ఏమైనవి? కొంత, రేవులో నిలిచిన ఓడలకు చెల్లించు ఆలస్యపు రుసుమునకు పోవును. మిగిలినది ఖాళీస్థలమును, బండ్లను చేతిలో నుంచుకొన్నవానికి పోవును. కొఱత కాలములో నిజముగా అమ్ముడగు సరకు ధాన్యము కాదు, వరుసలో చోటు. ఆ చోటును ఎవరు పంచుదురో వారే ధరను నిర్ణయింతురు. ఈ పాఠమునకు మూలసూత్రము ఇదియే.

3. 1901: వరుస పుస్తకము కొఱకు పోరాటము

పందొమ్మిదవ శతాబ్దపు చివరను కెనేడియన్ పసిఫిక్ రైలు కంపెనీ ఒక పద్ధతి పెట్టెను. 25 వేల బుషెళ్లు పట్టు ఎలివేటరు, అనగా యంత్రముతో ధాన్యమును ఎత్తి నిలువచేయు ఎత్తైన కొట్టు, ఉన్నచోట రైతులు తమ బండ్ల నుండి నేరుగా రైలుపెట్టెలలోనికి ధాన్యము నింపరాదు. దీనిచేత రైతు ఎలివేటరు వర్తకునికే అమ్మవలసివచ్చెను. తూకమును, రకమును, ధరను అన్నిటిని చెప్పువాడు ఆతడే. రైతుల మొఱలపై విచారణసంఘము నియమింపబడగా, 1900లో మానిటోబా ధాన్య చట్టము వచ్చెను. రైతు తానే ధాన్యమెక్కించు అరుగులు కట్టవలెనని, ఆతనికి బండి కోరు హక్కు కలదని అది నిర్ణయించెను.

మఱుసటి యేడు 1901లో పంట విరివిగా పండెను. బండ్లు చాలలేదు. చలికాలము వచ్చుసరికి పంటలో పెద్దభాగము కదలక నిలిచిపోయెను. చట్టమున్నను, వచ్చిన కొద్ది బండ్లు ఎలివేటరులకే పోవుచుండెను. అప్పుడు 1901 డిసెంబరులో ఇండియన్ హెడ్ అను ఊరిలో రైతులు సమావేశమై ప్రాంతీయ ధాన్యకర్షక సంఘమును స్థాపించిరి. దాని మొదటి అధ్యక్షుడు అబర్నేతి గ్రామపు రైతు డబ్ల్యు. ఆర్. మదర్‌వెల్.

ఆ సంఘము ఉచితముగా బండ్లు ఇమ్మని కోరలేదు, కిరాయి తగ్గింపుమనియు కోరలేదు. ముఖ్యముగా కోరినది ఇది: ప్రతి స్టేషనులో ఒక పుస్తకముండవలెను. బండి కావలసినవారు, వర్తకుడైనను రైతైనను, తమ పేరు అందు వ్రాయించుకొనవలెను. వచ్చిన బండ్లను ఆ వరుసలోనే ఇయ్యవలెను. 1902లో చట్టమును సవరించి ప్రభుత్వము ఈ కోరికను అంగీకరించెను.

కాని కాగితముపై హక్కు వేఱు, బండి వేఱు. 1902 కోతల తరువాతను స్టేషనులలో పాత వాడుకయే సాగెను. అప్పుడు సంఘము సింటలూటా స్టేషను ఏజెంటుపై వ్యాజ్యము వేయించెను. ఏ తేదీన ఎవరు బండి కోరిరో, ఎవరికి ఇచ్చిరో రైతులు సాక్ష్యమిచ్చిరి. ఏజెంటునకు 50 డాలర్లు జరిమానా పడెను. కంపెనీ పై న్యాయస్థానమునకు పోయినను తీర్పు మారలేదు. జరిమానా చిన్నదే, ఫలము పెద్దది. ఒంటరి రైతు ఆ కంపెనీతో వ్యాజ్యమాడలేడు. సంఘము ఆడగలిగెను. రైతు తానే బండి తెప్పించుకొను హక్కు నేటికిని ఆ దేశపు చట్టములో నిలిచియున్నది.

ఈ విజయముతో రైతులు ఆగలేదు. సింటలూటా వాసి ఇ. ఎ. పార్ట్రిడ్జ్ ప్రోత్సాహమున 1906లో రైతుల ధాన్యవిక్రయ కంపెనీ ఏర్పడెను. 1911లో సస్కాచివాన్ సహకార ఎలివేటరు కంపెనీయు, 1923–24లో మూడు రాష్ట్రములందును ‘పూలు’ అను సహకార విక్రయసంఘములును పుట్టెను. ఊరూర నిలువచేయు స్థలము రైతుల సొత్తాయెను.

4. చౌక కిరాయి మాత్రమే చాలదు

1897లో కెనడా ప్రభుత్వము రైలు కంపెనీకి ధనసహాయము చేసి, అందుకు ప్రతిగా ధాన్యపు కిరాయిని తగ్గించుకొనెను. ‘క్రో’ రేట్లు అను పేర ఆ చౌక కిరాయి రైతులకు గొప్ప మేలు చేసెను. కాని అన్ని ధరలు పెరిగినను కిరాయి పెరుగకుండుటచే, ధాన్యము మోయుటలో కంపెనీలకు లాభము లేకపోయెను. వారు క్రొత్త బండ్లు కొనుట మానిరి. తుదకు 1972 మొదలుకొని ప్రభుత్వమే వేలకొలది ధాన్యపు బండ్లు కొని ఈయవలసివచ్చెను. 1995లో ఆ రాయితీ పూర్తిగా తొలగెను. కిరాయి పెరిగెను, చిన్న రైలుదారులు అనేకము మూతపడెను, రైతులు దూరపు ఎలివేటరులకు లారీలలో తోలవలసివచ్చెను.

దీనివలన తెలియునది ఏమనగా, కిరాయి ఎంత అను ప్రశ్నతోపాటు బండి ఎప్పుడు వచ్చును అను ప్రశ్నయు అడుగవలెను. రాని బండికి కిరాయి ఎంత చౌకయైనను ప్రయోజనము లేదు.

5. 2013–14: పాత కథ మరల

2013లో ఆ మైదానముల పంట మునుపెన్నడును లేనంత పండెను. అన్ని ధాన్యములు, నూనెగింజలు కలిసి సుమారు 7 కోట్ల 60 లక్షల టన్నులు. పిదప వచ్చిన చలికాలము మిక్కిలి కఠినమైనది. గొప్ప చలిలో రైలు బ్రేకు గొట్టములలో గాలి నిలువదు గనుక రైళ్ల పొడవు తగ్గింపవలసివచ్చును. రేవులో ఓడలు, పొలములలో ధాన్యము, రెండును ఎదురుచూచుచుండెను. విదేశపు ధరకును రైతుకు దక్కు ధరకును నడుమ ఎడము విపరీతముగా పెరిగెను.

ఈసారి రైతుల చేతిలో పూర్వపు ఆయుధములు లేవు. మూడు పూలులును క్రమముగా సహకార స్వభావమును విడిచి వాటాల కంపెనీలై, 2007 నాటికి ఒక్క కంపెనీలో కలిసిపోయెను. గోధుమను, బార్లీని రైతులందఱి పక్షమున అమ్ముచు, ఏ ధాన్యము ఎప్పుడు రేవు చేరవలెనో నిర్ణయించుచుండిన గోధుమ బోర్డు యొక్క ఏకవిక్రయాధికారము 2012 ఆగస్టు 1న అంతమాయెను. ఆ అధికారము పోవుట మేలని తలచిన రైతులును పలువురు గలరు. కాని కొఱత వచ్చినప్పుడు వరుసను పంచువారిలో రైతుల ప్రతినిధి లేకపోయెనన్నది కాదనరాని సంగతి.

2014 మార్చి 7న ప్రభుత్వము ఆజ్ఞ వెలువరించెను: రెండు కంపెనీలలో ఒక్కొక్కటి వారమునకు 5 లక్షల టన్నులకు తగ్గకుండ ధాన్యము మోయవలెను. ఆ యేడు మే 29న చట్టమును వచ్చెను. 160 కిలోమీటరుల లోపల గల రెండవ కంపెనీకి సరకును అప్పగింపుమని కోరుటకు మైదానముల వారికి తాత్కాలికముగా వీలు కలిగెను. 2018 చట్టముచే, సకాలమున బండ్లు ఈయని కంపెనీ నష్టపరిహారమిచ్చు ఏర్పాటును ఒడంబడికలో కోరుకొను హక్కు వచ్చెను. ఇవి మేలైనవే. కాని ఆజ్ఞ వచ్చునాటికి చలికాలము చాలవఱకు గడిచెను. అవసరమునకు అమ్ముకొన్న రైతునకు పోయిన ధర తిరిగి రాలేదు.

6. రైతులు చేసికొన్న ఉపాయములు

మొదటిది నిలువ. పొలములోనే ఉక్కు గాదెలు కట్టుదురు. అవి చాలనప్పుడు పొడవైన ప్లాస్టిక్ గొట్టపు సంచులలో నింపి నేలపై పఱతురు. నిలువ యుండిన రైతు కోతల వేళనే అమ్మనక్కఱలేదు. అయితే ధాన్యము బాగుగా ఆరవలెను. తడి మిగిలినచో, అందును కనోలా వంటి నూనెగింజలు, కుప్పలోనే వేడెక్కి చెడును. కావున గాదెలలో గాలి ఆడించుటయు, వేడిని తఱచు పరీక్షించుటయు నిత్యకృత్యములు.

రెండవది బదులు. ప్రభుత్వపు పూచీపై, నిలువయున్న పంటను చూపి, ముందుగా కొంత సొమ్ము పొందు ఏర్పాటు కలదు. గాదె ఉండియు చేతిలో సొమ్ము లేనిచో గాదె నిలువదు.

మూడవది సొంత రైలుదారి. పెద్ద కంపెనీలు విడిచిన చిన్న దారులను రైతులే కొన్నిచోట్ల కొనిరి. ఆల్బర్టాలో బాటిల్ రివర్ రైల్వే అను సహకారసంఘము 2010లో అట్టి దారిని కొని, సభ్యుల ధాన్యమును తానే ఎక్కించి పంపుచున్నది. అయినను ఆ దారి చివరను పెద్ద కంపెనీ బండ్లను అందుకొన్నగాని సరకు రేవు చేరదు. స్వయంసహాయమునకు గల హద్దు అచ్చట కనబడును. ఆ హద్దునకు ఆవల చట్టమే పనిచేయవలెను.

7. మన సంఘములకు ఉపయోగము

రేవు దగ్గఱ చిక్కు మనకును క్రొత్త కాదు. కాకినాడ లంగరు రేవులో ఒత్తిడి పెరుగగా, బియ్యపు ఎగుమతికి లోతునీటి రేవును గూడ వాడుకొనుటకు 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అనుమతించెను. లారీలైనను, గోనెసంచులైనను, మిల్లులో స్థలమైనను, కొఱత పడిన ప్రతిచోట సూత్రమొక్కటే. కావున ప్రతి సంఘమును ఈ నాలుగు పనులు చేయదగును.

ఒకటి, వరుస పుస్తకము నుంచుట, దానిని ఏ సభ్యుడైనను చూడనిచ్చుట. అధ్యక్షుని ధాన్యము కూడ దాని వరుసలోనే పోవలెను. రెండు, కోరిన తేదీ, వచ్చిన తేదీ, అందిన సంఖ్య వ్రాసియుంచుట. సింటలూటాలో గెలిపించినవి ఈ తేదీలే. మూడు, నిలువను బదులుతో జోడించుట. నాలుగు, మంచి కాలములో సంఘపు ఆస్తిని అశ్రద్ధ చేయకుండుట. బండ్లు సమృద్ధిగా దొరకు ఏండ్లలో సంఘపు గిడ్డంగి అనవసరమని తోచును. దాని అవసరము తెలియు నాటికి దానిని మరల కట్టుటకు వ్యవధి యుండదు.

చర్చించుటకు ప్రశ్నలు

1. రేవులో ధర మారకున్నను ఊరిలో ధర పడుటకు కారణమేమి?
2. 1902 రైతులు కిరాయి తగ్గింపునకు బదులు వరుసను ఏల కోరిరి?
3. చౌక కిరాయి బండ్ల కొఱతకు ఎట్లు దారితీసెను?
4. మన యూరిలో కోతల వేళ ఏ వస్తువునకు కొఱత కలుగుచున్నది? దానిని ఇప్పుడు పంచుచున్నవారెవరు?