సైనికుని అంతరంగం

పాఠ్యభాగ ఉద్దేశం: సామాజిక శాస్త్ర పరిశోధన మానవ జీవితానికి ఏ విధంగా ఉపకరిస్తుందో ఒక ఉదాహరణ ద్వారా విద్యార్థులకు తెలియజేయడం.

యుద్ధ చరిత్రలలో సేనానుల వ్యూహాలకు దక్కిన స్థానం సామాన్య సైనికుని మనస్సుకు దక్కలేదు. అతడు దేనిని ఆశించాడు, ఏది అన్యాయమని బాధపడ్డాడు అనే ప్రశ్నలకు అతడే సమాధానం చెప్పాలి. ఈ సత్యాన్ని గ్రహించిన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త శామ్యూల్ స్టౌఫర్ (1900-1960).

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా యుద్ధశాఖ సైనికుల మనోభావాలను తెలుసుకోవడానికి ఒక పరిశోధన విభాగాన్ని ఏర్పరచింది. దాని పరిశోధనలకు స్టౌఫర్ సారథ్యం వహించాడు. 1941 డిసెంబరులో మొదలైన ఈ సర్వేలలో ఐదు లక్షలకు పైగా సైనికులు పాల్గొన్నారు. ప్రశ్నపత్రంపై పేరు రాయనవసరం లేదు. అందువల్ల పై అధికారి ఎదుట పలకలేని మాటను కూడా వారు నిర్భయంగా తెలుపగలిగారు. ఈ ఫలితాలు 1949లో ‘ది అమెరికన్ సోల్జర్’ అనే పేరుతో గ్రంథరూపం దాల్చాయి.

ఆనాటి వైమానిక దళంలో పదోన్నతులు త్వరగా లభించేవి. మిలిటరీ పోలీసు విభాగంలో అవి అరుదు. అయినా పదోన్నతుల విషయంలో అసంతృప్తి వైమానిక దళంలోనే అధికంగా కనిపించింది. కారణమేమి? మనిషి తన స్థితిని తోటివారి స్థితితో పోల్చుకుంటాడు. పదిమందికి దక్కినది తనకు దక్కనప్పుడు కలిగే వెలితి, ఎవరికీ దక్కనప్పుడు అంతగా కలగదు. దీనినే ‘సాపేక్ష లేమి’ అంటారు.

రణరంగంలో తమను నిలబెట్టినదేమిటని అడిగితే, శత్రుద్వేషాన్ని పేర్కొన్నవారు కొద్దిమందే. పని ముగించి ఇల్లు చేరాలన్న తపన, తోటివారిని విడువరాదన్న బాధ్యత తమను నడిపించాయని పలువురు చెప్పారు.

యుద్ధం ముగిసే వేళ ముందుగా ఎవరిని ఇంటికి పంపాలన్న సమస్య ఎదురైంది. దీనిపైనా సైనికుల అభిప్రాయాన్నే అడిగారు. దాని ఆధారంగా పాయింట్ల విధానం రూపొందింది. సేవచేసిన ప్రతి నెలకు 1, విదేశంలో గడిపిన ప్రతి నెలకు మరొక 1, పాల్గొన్న ప్రతి ప్రధాన పోరాటానికి 5, ముగ్గురికి మించకుండా ఒక్కొక్క సంతానానికి 12 పాయింట్లు. 1945 మే నెలలో విడుదలకు 85 పాయింట్లు అవసరమయ్యాయి. 36 నెలల సేవలో 20 నెలలు విదేశంలో గడిపి, రెండు పోరాటాలలో పాల్గొని, ఒక బిడ్డకు తండ్రియైన సైనికునికి 78 పాయింట్లే వస్తాయి. అతడు ఇంకా వేచి ఉండక తప్పదు. నిరీక్షణ బాధాకరమే. కాని ఆ వరుసను నిర్ణయించినది పలుకుబడి కాదు, అందరికీ తెలిసిన లెక్క. న్యాయం జరగడంతోపాటు జరిగినట్లు కనబడడమూ అవసరమని ఈ అధ్యయనం నిరూపించింది.

అర్థాలు
సారథ్యం = నాయకత్వం
సాపేక్షం = మరొకదానితో పోల్చి చూసేది
లేమి = లేకపోవడం
నిరీక్షణ = ఎదురుచూపు

ప్రశ్నలు
1. ‘సాపేక్ష లేమి’ని సోదాహరణంగా వివరించండి.
2. సైనికుల విడుదలకు అనుసరించిన విధానం న్యాయమైనదేనా? చర్చించండి.