డబ్బా మూత తీసే ముందు

చిరంజీవి లక్ష్మికి,

5 ఎకరాల వనామీ చెరువుకి మూడు రకాల ప్రోబయోటిక్స్ కొన్నానని రాశావు. ముత్తుకూరులో చదివినదానివి, ఆ సూక్ష్మజీవుల పేర్లు నాకంటే నీకే బాగా వచ్చు. నేను చెప్పేది వాటి తిండి గురించి, గాలి గురించి.

ముందు ఈ లెక్క కట్టు. 35 శాతం ప్రోటీన్ ఉన్న మేత 100 కిలోలు వేస్తే అందులో నత్రజని అయిదున్నర కిలోల పైనే. రొయ్య ఒంటికి పట్టేది అందులో పావు వంతు అటూ ఇటూ. మిగతా 4 కిలోలు తినకుండా వదిలేసిన మేతగానో, మలంగానో, మొప్పల్లోంచి వచ్చే అమ్మోనియాగానో చెరువులోనే చేరతాయి.

ఆ అమ్మోనియాని మెట్టు మెట్టుగా మార్చే బాక్టీరియా రెండు రకాలు. నైట్రోసోమోనాస్ దాన్ని నైట్రైట్ చేస్తుంది, నైట్రోబాక్టర్ వంటివి ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తాయి. గ్రాము నత్రజనికి ఇవి నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్, 7 గ్రాముల ఆల్కలినిటీ మింగేస్తాయి. పైగా బద్ధకిష్టివి. అన్నీ కుదిరితే బాసిల్లస్ అరగంటలో రెట్టింపవుతుంది, వీటికి ఇంచుమించు రోజు పడుతుంది. ఇవాళ పోసి రేపటి ల్యాబ్ రిపోర్టులో ఫలితం వెతక్కు.

బాసిల్లస్‌కి మొలాసిస్సో, నానబెట్టిన తవుడో ఇస్తే, ఆ తీపీ పిండీ తింటూ అమ్మోనియాని కూడా తన ఒంట్లోకి లాక్కుంటుంది. బయోఫ్లాక్ పద్ధతి నడిచేది దీని మీదే. పని జోరుగా చేస్తుంది, ఆక్సిజన్ కూడా అంతే జోరుగా లాగేస్తుంది. అందుకే ఎండెక్కాక, ఏరేటర్లు తిరుగుతుండగా వెయ్యాలి. సాయంత్రం మొలాసిస్ పోశాక రాత్రి కరెంటు పోయిందో, తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది.

బ్లీచింగ్ కొట్టిన నీళ్లలో క్లోరిన్ పోకముందే బాక్టీరియా పోయడం ఎండిన మడిలో నారు నాటినట్టే. అయోడిన్ చల్లిన వెంటనే పోసినా అంతే. అయోడినూ ప్రోబయోటిక్కూ ఒకే బిల్లులో రాసిచ్చేవాళ్లు ఉన్నారు, చూసుకో.

జబ్బు తెచ్చే విబ్రియో బాక్టీరియాని చెరువులోంచి పూర్తిగా తరమలేం, ఉప్పునీరు దాని సొంతిల్లు. పేగులో, అడుగు బురదలో దానికి చోటూ తిండీ దక్కనివ్వకపోవడమే బాసిల్లస్ చేసే మేలు. మేతకి పట్టించి నీడన ఆరబెట్టి వేస్తే పేగుకి చేరుతుంది. టీసీబీఎస్ ప్లేటు మీద ఆకుపచ్చ కాలనీలు వారం వారం లెక్కపెట్టించు. పారాహీమోలిటికస్ ఆ రంగులోనే వస్తుంది. ఆకుపచ్చగా ఉన్నవన్నీ అదే అనుకుని కంగారుపడకు.

తెల్లమచ్చ వైరస్. ఈహెచ్‌పీ పరాన్నజీవి. ఈ రెంటినీ ప్రోబయోటిక్‌తో నయం చేస్తానని ఎవరొచ్చినా టీ ఇచ్చి పంపెయ్. వాటిని ఆపాల్సింది చెరువులో పిల్ల వదలకముందే: పీసీఆర్ పరీక్ష చేయించిన పిల్లతో, ఎండగట్టి సున్నం కొట్టిన అడుగుతో.

ప్యాకెట్ మీద గ్రాముకి ఎన్ని కోట్లని అచ్చేసినా, బతికున్నవెన్నో ప్లేటు మీద పెంచితేనే తెలుస్తుంది. నువ్వు కొన్న మూడింటినీ ల్యాబ్‌కి పంపు.

అమ్మోనియా ఎక్కువ చూపిన రోజు డబ్బా మూత తీసే ముందు చెక్ ట్రే ఎత్తి చూడు. మేత మిగిలి ఉంటే ఆ పూట తగ్గించు. పీహెచ్ మధ్యాహ్నం కూడా చూడాలి, అది పెరిగేకొద్దీ ఉన్న అమ్మోనియాలోనే విషం పాలు పెరుగుతుంది. ఆల్కలినిటీ 100కి దిగితే ఫోన్ చెయ్యి, డోలమైట్ ఎంత వెయ్యాలో మాట్లాడుకుందాం.

నీ మావయ్య