ఇంటర్నెట్ లేని బడికి ఊరి సర్వర్

బస్తర్ అడవుల్లోని చాలా ఊళ్లకు సిగ్నల్ సరిగా అందదు. అయినా డిజిటల్ పాఠాలు ఆగనక్కర్లేదు. వాటిని బడిలోనే ఒక సర్వర్‌లో దాచుకోవచ్చు.

ఏమేం కావాలి?
అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్, మెమరీ కార్డు, వైఫై రూటర్, కొన్ని పాత ఫోన్లు. కొలిబ్రి, కివిక్స్ ఉచిత సాఫ్ట్‌వేర్లు. సిగ్నల్ ఉన్నచోట ఒకసారి దించుకుంటే, కొలిబ్రి పాఠాలనూ కివిక్స్ వికీపీడియానూ నెట్ లేకుండానే చూపిస్తాయి.

కరెంటు లెక్క
సర్వర్, రూటర్ కలిసి 10 వాట్లు వాడతాయనుకుందాం. 12 వోల్టుల, 20 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 240 వాట్-అవర్ల విద్యుత్తు ఉంటుంది. అందులో సగమే వాడినా 12 గంటలు, అంటే సుమారు రెండు బడిరోజులు నడుస్తాయి. చిన్న సోలార్ ప్యానెల్‌తో మళ్లీ ఛార్జ్ చేసుకోవచ్చు.

ఊరి వంతు
ఇంట్లో గోండి, హల్బీ, దోర్లీ మాట్లాడే పిల్లలకు హిందీ పాఠాలొక్కటే చాలవు. మామూలు ఫోన్‌తోనే గోండి మాటలు రికార్డు చేసి పంచుకోవచ్చని 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వర చూపింది. అలాగే అవ్వల కథలు, చెట్ల పేర్లు రికార్డు చేసి సర్వర్‌లో చేర్చవచ్చు.

కరెంటు హఠాత్తుగా పోతే మెమరీ కార్డు పాడవవచ్చు. అందుకే ఊరివాళ్లలో ఇద్దరు సర్వర్‌ను పద్ధతిగా ఆపడం, నెలనెలా మరో కార్డులోకి కాపీ తీయడం నేర్చుకోవాలి. చూసుకునేవారు లేకపోతే ఎంత మంచి పెట్టె అయినా మూలన పడుతుంది.