కారు సాకెట్‌లో కరెంటు రాకపోతే: ఫ్యూజు ఎక్కడ ఉంటుంది, ఎందుకు పోతుంది?

ప్రయాణం మధ్యలో ఒక టైరు మెత్తబడుతుంది. బండిని రోడ్డు పక్కకు ఆపి, డిక్కీలోంచి చిన్న గాలి పంపు తీసి, గేరు రాడ్డు ముందున్న 12 వోల్టుల సాకెట్‌కు తగిలిస్తారు. ఆ సాకెట్‌లో రెండు నోళ్ల అడాప్టర్ ఉంది. రెండో నోట్లో ల్యాప్‌టాప్ ఛార్జర్ అప్పటికే పనిచేస్తోంది. పంపు మూడు నాలుగు నిమిషాలు తిరిగి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌కు కూడా ఛార్జింగ్ ఆగిపోయింది. లైట్లు, హారన్, వైపర్లు మాత్రం మామూలుగానే పనిచేస్తున్నాయి.

రెండు వేర్వేరు పరికరాలు ఒకే క్షణంలో చెడిపోవడం అరుదు. వాటికి ఉమ్మడిగా ఉన్నది ఆ సాకెట్ ఒక్కటే. దానికి కరెంటు తెచ్చే దారిలో ఎక్కడో, గోరంత ప్లాస్టిక్ ముక్కలో ఉన్న లోహపు పట్టీ కరిగి తెగిపోయి ఉంటుంది. అదే ఫ్యూజు. కొత్తది కొన్ని రూపాయలకే దొరుకుతుంది, మార్చడం ఐదు నిమిషాల పని. అయితే ఏ ఫ్యూజు వేస్తున్నామో చూడకుండా చేస్తే ఆ ఐదు నిమిషాల పనే కారుకు నిప్పు పెట్టగలదు.

సిగరెట్ లైటర్ మిగిల్చిన వారసత్వం

ఈ సాకెట్ మొదట ఫోన్ల కోసం పుట్టింది కాదు, చుట్టలు, సిగరెట్లు వెలిగించుకునే లైటర్ కోసం. అందుకే నోరు అంత వెడల్పుగా ఉంటుంది. అడుగున మధ్యలో ఉన్న లోహపు బిందువు పాజిటివ్, చుట్టూ ఉన్న గోడ నెగటివ్. ఈ రెంటి మధ్యా దూరం తక్కువ. సాకెట్ పక్కనే చిల్లర పోసుకునే అలవాటు ఉన్నవారి కార్లలో ఓ చిన్న నాణెం లోపలికి జారి బిందువునూ గోడనూ కలిపిందంటే షార్ట్ సర్క్యూట్ అయినట్టే. చవక ఛార్జర్ల మొనకు ఉండే లోహపు టోపీ ఊడి లోపల ఉండిపోయినా అదే జరుగుతుంది.

అప్పుడు ఎంత కరెంటు ప్రవహిస్తుంది? బ్యాటరీ నుంచి సాకెట్ దాకా, తిరిగి బ్యాటరీ దాకా మొత్తం నిరోధం 0.05 ఓమ్ అనుకుంటే, ఓమ్ సూత్రం ప్రకారం 12ను 0.05తో భాగించాలి. వచ్చేది 240 ఆంపియర్లు. స్టార్టర్ మోటారును తిప్పడానికి వందల ఆంపియర్లు ఇవ్వగల కారు బ్యాటరీకి ఇది పెద్ద లెక్క కాదు. కానీ సాకెట్‌కు వెళ్లే సన్నని తీగ అంత కరెంటును మోయలేదు.

తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని జేమ్స్ ప్రెస్కాట్ జూల్ 1841లోనే చూపించాడు. అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగకు మీటరు పొడవున నిరోధం సుమారు 0.017 ఓమ్. అందులో 15 ఆంపియర్లు పోతే మీటరుకు 4 వాట్లకు కాస్త తక్కువ వేడి పుడుతుంది. ఇది గాలిలోకి పోతూ ఉంటుంది, చిక్కేమీ లేదు. అదే తీగలో 30 ఆంపియర్లు పోతే వేడి మీటరుకు 15 వాట్లు దాటుతుంది. డ్యాష్‌బోర్డు వెనక పదుల తీగలను కట్టగా చుట్టి టేపు వేసి ఉంచుతారు కాబట్టి ఆ వేడికి బయటికి దారి ఉండదు. కార్లలో వాడే పి.వి.సి. తొడుగు సాధారణంగా 85 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటుంది. అది మెత్తబడితే పక్క తీగ తొడుగూ మెత్తబడుతుంది, రాగి రాగికి తగులుతుంది.

ఫ్యూజును పెట్టేది ఈ తీగ కోసమే. గాలి పంపునో ల్యాప్‌టాప్‌నో కాపాడటం దాని పని కాదు. లోపలి పట్టీని ఎక్కువగా జింకు మిశ్రమంతో చేస్తారు. జింకు 420 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, రాగికి 1085 డిగ్రీలు కావాలి. పైగా పట్టీని ఒకచోట సన్నగా చేసి ఉంచుతారు. తెగేది ఎప్పుడూ అక్కడే.

నాణెం పడితే ఫ్యూజు రెప్పపాటులో పోతుంది. మరి గాలి పంపు మూడు నాలుగు నిమిషాలు ఎలా తిరిగింది? పెద్ద పంపు 15 ఆంపియర్ల దాకా లాగుతుంది, 65 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జర్ మరో 6 లాగుతుంది. మొత్తం 21. సాకెట్‌కు 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే అది పరిమితికి 1.4 రెట్లు. కారు ఫ్యూజులు తమ పరిమితిని 10 శాతం మించిన కరెంటును గంటల తరబడి మోస్తాయి, 35 శాతం మించితే పది నిమిషాల లోపు, రెట్టింపైతే ఐదు సెకన్ల లోపు తెగుతాయి. పట్టీ వేడెక్కడానికి పట్టే సమయమే ఈ తేడాకు కారణం. కాబట్టి ఫ్యూజు ఎంతసేపటికి పోయిందన్నదే ఒక ఆనవాలు. పెట్టగానే పోతే షార్ట్ సర్క్యూట్‌ను, కాసేపు నడిచి పోతే అధిక భారాన్ని అనుమానించాలి.

వెతకడం

ముందుగా తాళం చెవిని ఏ.సి.సి. స్థానానికి తిప్పి చూడాలి. చాలా కార్లలో తాళం తీసేస్తే ఈ సాకెట్‌కు కరెంటు రాదు, అది లోపం కాదు. పనిచేస్తుందని తెలిసిన మరో ఛార్జర్‌తో కూడా ప్రయత్నించాలి. కొన్ని ఛార్జర్ల మొనలోనే ఇంకో చిన్న గాజు ఫ్యూజు ఉంటుంది, పోయింది అదే కావచ్చు.

అప్పటికీ రాకపోతే ఫ్యూజు బాక్సు దగ్గరికి వెళ్లాలి. చాలా కార్లలో అవి రెండు ఉంటాయి. ఒకటి బానెట్ కింద బ్యాటరీ దగ్గర, రెండోది డ్యాష్‌బోర్డు కింద, తరచూ డ్రైవరు మోకాళ్ల పక్కన. సాకెట్ ఫ్యూజు ఎక్కువగా లోపలి దానిలో ఉంటుంది. మూత వెనక పటం అచ్చువేసి ఉంటుంది. అందులో ‘సిగార్’, ‘పవర్ అవుట్‌లెట్’, ‘ఏ.సి.సి. సాకెట్’ లాంటి పేర్ల కోసం చూడాలి. లైటర్ లేని కార్లలోనూ పాత పేరు అలాగే ఉండిపోవడం మామూలే. పటం అర్థం కాకపోతే కారుతో వచ్చిన పుస్తకం చూడాలి. చాలామంది కార్లలో అది ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా గ్లవ్ బాక్సులోనే ఉంటుంది.

ఫ్యూజును లాగే ముందు తాళం ఆపేయాలి. బాక్సులోనే తెల్లని ప్లాస్టిక్ చిమటా ఒకటి బిగించి ఉంటుంది, దానితో నిటారుగా లాగాలి. వెలుతురుకు ఎదురుగా పెడితే రెండు కాళ్లను కలిపే పట్టీ కనిపిస్తుంది. అది తెగి ఉన్నా, ప్లాస్టిక్ లోపల నల్లగా మసి పట్టినా ఫ్యూజు పోయినట్టే. వెంట్రుకవాసి పగులు కంటికి కనిపించకపోవచ్చు కాబట్టి మల్టీమీటర్ ఉంటే దానితో చూడటం మేలు. కంటిన్యూయిటీ స్థానంలో రెండు కాళ్లకు మొనలు ఆనించినప్పుడు బీప్ వస్తే ఫ్యూజు మంచిదే.

లాగకుండా చూసే పద్ధతీ ఉంది. ఫ్యూజు నెత్తిన రెండు చిన్న రంధ్రాల్లో లోహం కనిపిస్తుంది. తాళం ఏ.సి.సి.లో ఉంచి, 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు క్లిప్పును కారు లోహపు భాగానికి తగిలించి, మొనను ఒక్కో రంధ్రానికి ఆనించాలి. రెండు చోట్లా వెలిగితే ఫ్యూజు బాగుంది, ఒక్కచోటే వెలిగితే పోయింది, ఎక్కడా వెలగకపోతే ఆ ఫ్యూజు దాకానే కరెంటు రావడం లేదు. ఇంట్లో వాడే టెస్టర్ స్క్రూడ్రైవర్ ఇక్కడ పనికిరాదు. అందులోని నియాన్ దీపం వెలగడానికి పదుల వోల్టులు కావాలి, 12 వోల్టులకు అది మిణుక్కుమనదు. దాన్ని నమ్మి ‘కరెంటే లేదు’ అనుకునేవారు తక్కువేం కాదు.

పసుపు రంగు కనెక్టర్లను మాత్రం ముట్టుకోకూడదు, అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి. విద్యుత్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు అధిక వోల్టేజివి. సాకెట్ ఉండే 12 వోల్టుల వ్యవస్థ ఆ కార్లలోనూ వేరుగా ఉంటుంది.

మార్చడం

కొత్త ఫ్యూజుపై అంకె పాతదాని అంకెతో సరిపోవాలి. రంగు కూడా చెబుతుంది: 10 ఆంపియర్లకు ఎరుపు, 15కు నీలం, 20కి పసుపు, 30కి ఆకుపచ్చ. అయితే ముందున్నవారు తప్పు ఫ్యూజు వేసి ఉండవచ్చు కాబట్టి మూత మీది పటాన్నే నమ్మాలి. పరిమాణం కూడా కలవాలి. మినీ ఫ్యూజు చోట పెద్దది పట్టదు. చిన్నది పెద్ద గాడిలో వదులుగా నిలిచినా సరిగా ఆనని చోట వేడి పుడుతుంది.

బిగించే ముందు, తాళం ఆపి, పాత ఫ్యూజు తీసి ఉండగానే టార్చి వేసి సాకెట్ లోపల చూడాలి. నాణెమో లోహపు ముక్కో ఉంటే చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ ముక్కతోనో తీయాలి. తరువాత సాకెట్‌కు ఏదీ తగిలించకుండా కొత్త ఫ్యూజు నొక్కి తాళం తిప్పాలి. అప్పుడే పోతే లోపం సాకెట్‌లోనో తీగలోనో ఉంది. పరికరం పెట్టగానే పోతే లోపం పరికరంలో ఉంది. మొదటి సందర్భంలో మూడో ఫ్యూజు ప్రయత్నించకుండా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాలి.

చాలా ప్రమాదాలకు మొదలు సరిగ్గా ఈ దశలోనే. ఇంట్లో ఫ్యూజు పోతే మీటరు దగ్గర కిట్‌క్యాట్ లాగి, చేతికందిన రాగి తీగ రెండు మూడు పోగులు చుట్టేసిన అలవాటు మన ఊళ్లలో చాలామందికి ఉంది. కారులో దానికి సమానమైన పని సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, లేదా ‘మళ్లీ పోకుండా’ 15 చోట 30 ఆంపియర్ల ఫ్యూజు వేయడం. రెండోది కొత్త ఫ్యూజే కాబట్టి తప్పుగా కనిపించదు. కానీ అప్పటి నుంచి ఆ సర్క్యూట్‌లో ముందుగా తెగేది ఫ్యూజు కాదు, డ్యాష్‌బోర్డు వెనక కనిపించని తీగ.

దారిలో సరైన ఫ్యూజు దొరకకపోతే, వెనక వైపర్ లాంటి అంత అవసరం లేని దాని నుంచి అదే అంకె ఫ్యూజును తాత్కాలికంగా తీసి వాడవచ్చు. బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, ఇంజిన్‌కు చెందినవాటిని తీయకూడదు. తక్కువ అంకె ఫ్యూజు వేసినా ప్రమాదం లేదు, త్వరగా పోతుంది, అంతే.

ఇక ఆ గాలి పంపు. సాకెట్ మీద 120 వాట్లు అని రాసి ఉంటే అది 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు. 15 ఆంపియర్లు లాగే పంపుకు, ఒంటరిగా పెట్టినా, అది సరిపోదు. పెద్ద పంపులతో ఎరుపు, నలుపు క్లిప్పులు రెండు వచ్చేది ఇందుకే. వాటిని బానెట్ ఎత్తి నేరుగా బ్యాటరీకి తగిలించాలి.