పరదేశ నగరమున రెండు దర్శనములు

విద్యకొరకో, ఉద్యోగముకొరకో విదేశములకేగి ఏండ్లతరబడి నివసించు తెలుగువారు నేడు అనేకులు కలరు. మూడు దినములుండి పోవు యాత్రికుడు ఆ నగరమునందలి ప్రసిద్ధ కట్టడములన్నింటిని చూచును. అచట కాపురముండువాడు మాత్రము ‘ఎక్కడికి పోవును? రేపు చూతము’ అని కాలము గడుపును. కాని నివాసికి గల సౌకర్యము యాత్రికునకు లేదు. అతడొక కట్టడమును చూచి, దాని చరిత్రను చదివి, మరల పోయి చూడవచ్చును. లండనులో నివసించు తెలుగు విద్యార్థి అట్లు చూడదగినవి రెండింటిని గూర్చి తెలిసికొందము.

మొదటిది సెయింట్ పాల్ ప్రార్థనాలయము. 1666వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన ఒక రొట్టెలవాని యింట పుట్టిన నిప్పు నాలుగు దినములు లండనును దహించెను. పదమూడువేలకు పైగా ఇండ్లు బూడిదయయ్యెను. ప్రాచీనమైన సెయింట్ పాల్ ఆలయమును నాశనమయ్యెను. దానిని మరల నిర్మించు భారము క్రిస్టఫర్ రెన్ అను పండితునిపై బడెను. ఆయన ఆక్స్‌ఫర్డులో జ్యోతిశ్శాస్త్రాచార్యుడు, గణితమున దిట్ట. 1675లో శంకుస్థాపన జరిగినది. పని ముగియుటకు ముప్పదియైదేండ్లు పట్టినది. నడివయసున ఆరంభించిన పనిని ఆయన వృద్ధుడై పూర్తిచేసెను.

ఆలయముపై గుమ్మటము 111 మీటర్ల ఎత్తున నున్నది. చూపరులకది యొకటిగా తోచును గాని నిజమునకు మూడు కలవు. లోపలినుండి కనబడునది యొకటి. వెలుపల సీసపు రేకులు కప్పిన కొయ్యగుమ్మటము వేరొకటి. ఈ రెంటి నడుమ ఎవరికిని కానరాని ఇటుకల శంకువు శిఖరభారమును మోయుచున్నది. లోపలి గుమ్మటము క్రింద వలయాకారమగు వసారా గలదు. అచట గోడచెంత మెల్లగా పలికిన మాట ఆవలివైపున నున్నవానికి వినబడును. ధ్వని వంపుగోడను అంటి సాగిపోవుటయే దీనికి కారణము.

రెండవ ప్రపంచయుద్ధమున ఈ ఆలయమునకు మరల గండము వచ్చెను. 1940 డిసెంబరు 29వ తేదీ రాత్రి శత్రువిమానములు లండనుపై అగ్నిబాంబులను కురిపించెను. ఒకటి గుమ్మటముపై బడి సీసమును కరగింపసాగెను. పిదప అది జారి క్రిందపడగా ఆర్పివేసిరి. ఇట్టి నిప్పును ఆర్పుటకై స్వచ్ఛంద సేవకులు రాత్రులు వంతులవారీగా ఆలయమున కావలి యుండిరి. వారిలో వాస్తుశిల్పులనేకులు. చుట్టునున్న వీథులు తగులబడినను ఆలయము నిలిచెను.

ఇక రెండవ దర్శనము. ఆలయమునకు సుమారు రెండు కిలోమీటర్ల దూరమున బ్రిటిష్ మ్యూజియము కలదు. అందు నూటికి పైగా తెల్లని శిల్పములు గలవు. అవి మన కృష్ణాతీరమున అమరావతిలో రెండువేల యేండ్ల క్రిందటనే వెలసిన మహాచైత్యమునకు అలంకారములు! బౌద్ధము క్షీణించిన పిమ్మట చైత్యము మట్టిదిబ్బయయ్యెను. 18వ శతాబ్దాంతమున క్రొత్త పట్టణము కట్టుటకై జనులు ఆ రాళ్లను పెరికికొనిపోయిరి. 1845లో వాల్టర్ ఇలియట్ అను ఆంగ్లేయాధికారి త్రవ్వించి, దొరికిన శిలలను మద్రాసు చేర్చెను. 1859లో వానిని ఓడ నెక్కించి లండనుకు పంపిరి. తక్కిన శిల్పములు పెక్కు చెన్నై మ్యూజియమున నున్నవి. అమరావతిలో చైత్యపు అడుగుభాగము మాత్రము మిగిలినది.

ఈ రెండును చూచిన తెలుగు విద్యార్థికి ఒక సందేహము కలుగక మానదు. శిల్పకౌశలమున అమరావతివారు ఎవరికిని తీసిపోరు. మరి ఒకటి నిలిచి, రెండవది చెదరిపోవుట కేమి కారణము? శిలలను కొనిపోయిన పరులను నిందించుట సులభము. కాని వారు వచ్చుటకు ముందే కావలివారు కరవైరి. ఆ దిబ్బయొక్క విలువ నెరిగినవారు చుట్టుప్రక్కల లేకపోయిరి. సెయింట్ పాల్ ఆలయమునకు అగ్నియే శత్రువు. అమరావతికి మరపు శత్రువు.

బాలలారా! మీలో కొందరు ముందుముందు దూరదేశములకు పోవుదురు. అచటి కట్టడములను తప్పక చూడుడు. వానిని కట్టినదెవరు, కాచినదెవరు అని అడుగుడు. అంతకుముందే మీ ఊరి శాసనపు రాతిని, పాడుపడిన గుడిని, పాత దిగుడుబావిని అట్లే విచారింపుడు. కోటగోడలపై పేర్లు చెక్కువారిని వారింపుడు. కావలి కాయుటకు మీకు పరదేశ ప్రయాణము అవసరము లేదు.